పది కాల్స్‌కు ఎంత నెట్ కావాలి?

రాగి తీగల ల్యాండ్‌లైన్లు తీసేసి నెట్ మీద నడిచే ఫోన్లు పెట్టుకుందామనుకునే వాళ్ళ నుంచి ఈ శీర్షికకు ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. అడిగే తీరు వేరైనా అందరి సందేహమూ దాదాపు ఒకటే: ఎన్ని ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకోవాలి? కర్నూలు, అనంతపురం, కడపల నుంచి వచ్చిన వాటిలో ఐదింటిని ఎంచి, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: కర్నూలులో మాకు నలభై పడకల ఆసుపత్రి ఉంది. ఐదు ల్యాండ్‌లైన్లు, వాటి వెనక పాత ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లనూ బయటి లైన్లనూ కలిపే పెట్టె), ఇరవై నాలుగు ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. వీటి స్థానంలో ఐపీ ఫోన్లు పెట్టి, బయటి కాల్స్‌కు ఎస్ఐపీ ట్రంక్ (నెట్ మీద వచ్చే బయటి లైన్ల కట్ట) తీసుకోవాలని ఆలోచన. ఇరవై నాలుగు ఫోన్లంటే 200 ఎంబీపీఎస్ ప్లాన్ తప్పదని నెట్ కంపెనీ మనిషి అంటున్నారు. ఇప్పుడున్న 50 ఎంబీపీఎస్ ఫైబరే చాలా ఎక్కువని మా మేనల్లుడు అంటున్నాడు. ముందుగా మూడు ఫోన్లు పెట్టి చూస్తే ఒకప్పుడు పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా, మరొకప్పుడు మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 50, అప్‌లోడ్ 10 వస్తున్నాయి. సీటీ స్కాన్ చిత్రాలను హైదరాబాదులోని రేడియాలజిస్టుకు ఇదే నెట్ మీద పంపుతాం. ఎవరి మాట నమ్మాలి?
— ఆసుపత్రి మేనేజర్, కర్నూలు

జవాబు: లెక్క వరకు మీ మేనల్లుడి మాటే నిజం. అయితే మాట ముక్కలెందుకు అవుతోందో ఆ లెక్క చెప్పదు కాబట్టి, రెంటినీ విడివిడిగా చూద్దాం.

ముందు ఒక్క కాల్ ఎంత తింటుందో తేల్చుకోవాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలం నుంచి వాడుకలో ఉన్న జి.711 అనే కోడెక్ (మాటను అంకెలుగా మార్చే పద్ధతి) గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తుంది. అంటే సెకనుకు 64,000 బిట్లు, మరో మాటలో 64 కేబీపీఎస్. కరపత్రాల్లో కనిపించే అంకె ఇదే. కాని నెట్ మీద మాట ఏకధారగా పోదు. సాధారణంగా 20 మిల్లీసెకన్లకొక ప్యాకెట్ చొప్పున, సెకనుకు 50 ప్యాకెట్లుగా పోతుంది. ఒక్కో ప్యాకెట్‌లో మాట 160 బైట్లుంటే, దాని ముందు చిరునామా చీటీల్లాంటి హెడర్లు అతుకుతాయి: ఐపీ హెడర్ 20 బైట్లు, యూడీపీ హెడర్ 8, ఏ ముక్క తరవాత ఏ ముక్క వినిపించాలో చెప్పే ఆర్‌టీపీ హెడర్ 12, మొత్తం 40 బైట్లు అదనంగా చేరతాయి. 200 బైట్లను సెకనుకు 50 సార్లు పంపితే 80 కేబీపీఎస్ అవుతుంది. భవనం లోపలి ఈథర్‌నెట్ కేబుల్ మీద ఇంకో 18 బైట్లు తోడై అది 87.2కు చేరుతుంది, సంభాషణను ఎన్‌క్రిప్ట్ చేస్తే మరో 4 పెరుగుతుంది. ఇంత సన్నటి తేడాలతో కుస్తీ పట్టడం దండగ కాబట్టి, జి.711 కాల్ ఒక్కింటికి వెళ్ళే దిక్కున 100, వచ్చే దిక్కున 100 కేబీపీఎస్ అని పట్టుకోండి. అవతలివారు మాట్లాడుతుండగా మీరు మౌనంగా వింటున్నా మీ ఫోన్ ఆ మౌనాన్ని కూడా ప్యాకెట్లుగా పంపుతూనే ఉంటుంది. మౌనాన్ని పంపకుండా ఆపే సదుపాయం చాలా ఫోన్లలో ఉంది గాని, అది మాట మొదటి అక్షరాన్ని మింగేస్తుంటుంది. దాన్ని నమ్ముకుని నెట్ తగ్గించుకోవడం తగదు.

రెండో అంకె ఒకేసారి నడిచే కాల్స్ సంఖ్య. కంపెనీ మనిషి లెక్క దారి తప్పింది ఇక్కడే. ఇరవై నాలుగనేది మీ దగ్గరున్న ఫోన్ల సంఖ్యే గాని, ఒకే నిమిషంలో బయటివాళ్ళతో మాట్లాడే ఫోన్ల సంఖ్య కాదు. కాల్స్‌ను కలిపే పెట్టె, అంటే పీబీఎక్స్, మీ భవనంలోనే ఉంటే, ఫార్మసీ నుంచి వార్డుకూ వార్డు నుంచి ల్యాబుకూ చేసుకునే కాల్స్ లోపలి కేబుళ్ళ మీదే తిరిగి ముగుస్తాయి. వాటికి నెట్‌తో పనే లేదు. బయటి కాల్స్‌లో కూడా రోజు మొత్తం మీద ఎన్ని వచ్చాయన్నది అక్కరకు రాదు, అన్నిటికన్నా రద్దీగా ఉండే గంటను పట్టుకోవాలి. ఆసుపత్రి అన్నాక అది ఓపీ అపాయింట్‌మెంట్ల కోసం ఫోన్లు మోగే సోమవారం ఉదయమో, పండగ మరుసటి రోజో అయి ఉంటుంది. మీ ఈపీఏబీఎక్స్‌కు కాల్ రికార్డు తీసే సదుపాయం ఉంటే నెల రోజుల రికార్డు తీయించండి. లేకపోతే రిసెప్షన్‌లో ఒక నోటుపుస్తకం పెట్టి, రెండు వారాల పాటు కాల్ వచ్చినప్పుడల్లా ఆ గంట ఎదురుగా ఒక గీత గీయించండి. లైను ఖాళీ లేక తిరిగిపోయిన కాల్స్ ఆ పుస్తకంలోకి ఎక్కవు గనుక, వచ్చిన అంకెకు కొంత కలుపుకోక తప్పదు.

ఆ గంటలో 120 కాల్స్, ఒక్కోటి సగటున రెండు నిమిషాలు అనుకుందాం. 240 నిమిషాల మాటను 60 నిమిషాల్లో సర్దాలి. అంటే సగటున ఏ క్షణంలో చూసినా నాలుగు కాల్స్ నడుస్తుంటాయి. టెలిఫోన్ ఇంజనీర్లు దీన్ని 4 ఎర్లాంగులు అంటారు. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ పేరు మీద వచ్చిన కొలత ఇది. సగటు నాలుగే అయినా కాల్స్ వరస కట్టి రావు, గుంపులుగా వచ్చి పడతాయి; అలాంటప్పుడు ఎన్ని లైన్లుంటే ఎంతమందికి బిజీ టోన్ వినిపిస్తుందో లెక్కగట్టే సూత్రాన్ని ఆయన 1917లో ప్రచురించాడు. రాగి తీగల కోసం పుట్టిన ఆ సూత్రం నెట్ ఫోన్లకూ అంతే చక్కగా వర్తిస్తుంది. దాని ప్రకారం 4 ఎర్లాంగుల రద్దీకి ఆరు లైన్లుంటే వంద కాల్స్‌లో దాదాపు 12 తిరిగిపోతాయి, ఎనిమిదుంటే మూడు, పది ఉంటే రెండు వందల్లో ఒకటి. ఇప్పుడు మీకున్న ఐదు లైన్ల మీద ఇదే రద్దీ పడితే ఫోన్ చేసిన ఐదుగురిలో ఒకరికి బిజీ తగులుతుంది. ఆ సంగతి ఇంతవరకు మీ దాకా రాకపోవడంలో వింత లేదు, బిజీ తగిలినవారు ఫిర్యాదు చేయడానికి కూడా లైను దొరకాలి కదా.

బిజీ తగిలిన మనిషి ఊరుకుంటాడని ఆ సూత్రం అనుకుంటుంది. రోగి బంధువులు అలా ఊరుకోరు, వెంటవెంటనే మళ్ళీ చేస్తారు. అందుకని పదికి మరో రెండు కలిపి, పన్నెండు ఛానెళ్ళ (ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక కాల్) ట్రంక్‌ను లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీ నుంచి తీసుకోండి. దయచేసి వేచి ఉండండంటూ సంగీతం వినిపించే సమయం కూడా ఛానెల్‌నూ నెట్‌నూ వాడుకుంటూనే ఉంటుంది కాబట్టి, సగటు నిమిషాలు కట్టేటప్పుడు దాన్ని కూడా చేర్చండి. పన్నెండు కాల్స్‌కు 100 చొప్పున 1,200 కేబీపీఎస్, అంటే 1.2 ఎంబీపీఎస్. ఇది మీ డౌన్‌లోడ్‌లో దాదాపు నలభయ్యో వంతు, అప్‌లోడ్‌లో ఎనిమిదో వంతు. 200 ఎంబీపీఎస్ ప్లాన్ మీకు ఎందుకూ అక్కర్లేదు.

పీబీఎక్స్‌ను క్లౌడ్‌లో పెట్టుకుంటే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు ఫార్మసీ నుంచి పక్క వార్డుకు చేసిన కాల్ కూడా ఊరు దాటి వెళ్ళి వెనక్కి రావచ్చు. రెండు ఫోన్లూ చెరొక 100 పంపి, చెరొక 100 తీసుకుంటాయి గనుక ఒక లోపలి కాల్ రెండు బయటి కాల్స్‌తో సమానం. రెండు ఫోన్లు నేరుగా మాట్లాడుకునేలా అమర్చే వీలు కొన్ని సర్వీసుల్లో ఉంది, అడిగి తెలుసుకోండి. నన్నడిగితే ఆసుపత్రికి పీబీఎక్స్ భవనంలో ఉండడమే మేలు. నెట్ పోయిన పూట కూడా ఆపరేషన్ థియేటర్ నుంచి బ్లడ్ బ్యాంకుకు ఫోన్ కలుస్తుంది.

ఇక మాట ముక్కలు కావడం సంగతి. మీ ఉత్తరంలో జవాబు చివరి నుంచి రెండో వాక్యంలోనే ఉంది. ఒక సీటీ పరీక్ష చిత్రాలు 300 ఎంబీ ఉన్నాయనుకుందాం. ఎంబీ అంటే మెగాబైట్, దాన్ని ఎనిమిదితో గుణిస్తే 2,400 మెగాబిట్లు. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద అవి పోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ స్కాన్ కంప్యూటర్ నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెలోకి చేతనైనంత వేగంగా డేటా కుమ్మరిస్తుంది, ఆ పెట్టె పంపలేనిదంతా తన మెమరీలో వరస పెట్టుకుంటుంది. ఆ వరసలో ఒక ఎంబీ పేరుకుంటే చాలు, దాని వెనక చేరిన మాట ప్యాకెట్ బయటపడడానికి 0.8 సెకను ఆగాలి. బేతంచెర్ల బండల లారీల వెనక ఇరుక్కున్న మోటారు సైకిల్ పరిస్థితి ఇది. బండి చిన్నదే, ముందు రోడ్డు ఖాళీయే, అయినా కదలదు. సంభాషణ సహజంగా సాగాలంటే మాట ఒక దిక్కున 150 మిల్లీసెకన్లలోపు చేరాలని, 400 దాటితే ఫోన్ వ్యవస్థకు పనికిరాదని అంతర్జాతీయ టెలికాం సంఘం జి.114 సిఫారసు చెబుతోంది. మీ 800 మిల్లీసెకన్లు దానికి రెట్టింపు. ఆలస్యం స్థిరంగా ఉంటే మాట నిదానంగానైనా వస్తుంది. ఒక ప్యాకెట్‌కు 30, ఇంకోదానికి 500 అయితే అవతలి ఫోన్ సమయం మించిన ప్యాకెట్లను పారేస్తుంది. మీరు విన్న ముక్కలు అవే.

దీన్ని నిర్ధారించుకోవడం తేలిక. ఏ అప్‌లోడూ లేనప్పుడు ఒక కంప్యూటర్ నుంచి ట్రంక్ కంపెనీ సర్వర్‌కు పింగ్ (చిన్న సందేశం పంపి జవాబుకు ఎంతసేపు పట్టిందో చూసే పరీక్ష) పెట్టి ఆలస్యం ఎంతో రాసుకోండి. సీటీ చిత్రాలు వెళ్తుండగా మళ్ళీ చూడండి. 20, 30 మిల్లీసెకన్లలో ఉన్నది వందల్లోకి లేస్తే జబ్బు దొరికినట్టే. రాత్రి పదింటికి కాదు, ఓపీ నిండుగా ఉన్న వేళ చేయండి. సీసీ కెమెరాలను కూడా అనుమానించాలి. డాక్టరుగారు ఇంట్లో కూర్చుని నాలుగు కెమెరాలను పూర్తి స్పష్టతతో ఒకేసారి చూస్తే, ఒక్కో దానికి 2 ఎంబీపీఎస్ చొప్పున పట్టినా 8 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అక్కడే ఖర్చవుతుంది.

మందు పెద్ద ప్లాన్ కాదు, వరసను అదుపులో పెట్టడం. కొంచెం మంచి రూటర్ కొని, మొత్తం అప్‌లోడ్‌ను కొలిచిన వేగంలో తొంభై శాతానికి, అంటే 9 ఎంబీపీఎస్‌కు కట్టడి చేయించండి. అప్పుడు వరస కంపెనీ పెట్టెలో కాక మీ రూటర్‌లో పేరుకుంటుంది. మీ రూటర్‌కు ఏ ప్యాకెట్‌ను ముందు పంపాలో చెప్పగలరు, కంపెనీ పెట్టెకు చెప్పలేరు. ఐపీ ఫోన్లు తమ ప్యాకెట్ల మీద సాధారణంగా 46 అనే ప్రాధాన్య ముద్ర వేస్తాయి, ఆ ముద్ర ఉన్నవాటిని ముందు వదలమని రూటర్‌లో అమర్చాలి. ఆ ముద్రకు మీ గడప దాటాక సాధారణ నెట్ ప్లాన్ల మీద విలువ ఉండదు గాని, మీ ఇబ్బంది గడప లోపలే ఉంది గనుక అది చాలు. రూటర్ మార్చేంత వరకు స్కాన్ కంప్యూటర్‌లో పంపే వేగాన్ని 7 ఎంబీపీఎస్‌కు పరిమితం చేస్తే నాలుగు నిమిషాల పని ఆరు నిమిషాలవుతుంది. రేడియాలజిస్టుకు ఆ తేడా తెలియను కూడా తెలియదు.

కంపెనీతో బేరమాడేటప్పుడు అప్‌లోడ్ ఎంతిస్తారని అడగండి, డౌన్‌లోడ్ గురించి కాదు. మిగిలిన డబ్బుతో వేరే కంపెనీ నుంచి చిన్న ప్లాన్ ఇంకొకటి పెట్టుకుంటే మొదటిది తెగినప్పుడు ఆదుకుంటుంది. అయితే రెండు కంపెనీల తీగలూ ఒకే కరెంటు స్తంభాల వరస మీదుగా రావడం లేదని కళ్ళారా చూసుకోండి. పాత ల్యాండ్‌లైనుకు కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి వచ్చేది, ఫైబర్‌కు అది లేదు. ఫైబర్ పెట్టె, రూటర్, ఫోన్ల స్విచ్ మూడింటినీ యూపీఎస్ మీద పెట్టించండి.

ప్రశ్న: అనంతపురం మార్కెట్ యార్డు దగ్గర చీనీకాయల కమీషన్ వ్యాపారం చేస్తాను. కొట్లో ఫైబర్ లేదు, సిమ్ వేసే 4జీ రూటర్ పెట్టుకున్నాను. రోజుకు 1.5 జీబీ ప్యాక్. రెండు నెట్ ఫోన్ల మీద సీజన్‌లో ఒక్కోదానిలో ఏడు గంటల దాకా మాటలుంటాయి. ప్యాక్ సరిపోతుందా? సాయంత్రం ప్యాక్ అయిపోయినప్పుడు నెట్ నడుస్తూనే ఉంటుంది గాని ఫోన్లు మాత్రం పనిచేయవు, ఎందుకు?
— ఒక వ్యాపారి, అనంతపురం

జవాబు: మీరడిగినవి రెండు వేరు లెక్కలు. ఒకటి రోజు మొత్తం మీద ఎంత డేటా ఖర్చవుతుందన్నది, రెండోది ఒక సెకనులో ఎంత దూరగలదన్నది. ప్యాక్ మొదటిదాన్ని కొలుస్తుంది, కాల్ రెండోదాని మీద బతుకుతుంది.

ఖర్చు సంగతి చూద్దాం. జి.711 కాల్ ఒక్కో దిక్కున 80 చొప్పున రెండు దిక్కులా కలిపి 160 కేబీపీఎస్ తింటుంది. అది సెకనుకు 20 కిలోబైట్లు, నిమిషానికి 1.2 ఎంబీ, గంటకు 72 ఎంబీ. సిమ్ ప్యాక్‌లో పంపిందీ వచ్చిందీ రెండూ కలిపి కోస్తారని మరవకండి. రెండు ఫోన్లకు కలిపి పద్నాలుగు గంటలంటే దాదాపు ఒక జీబీ. ప్యాక్‌లో అర జీబీ మిగలాలి. అది మిగలడం లేదంటే, లోడు లారీకి ఎక్కేటప్పుడు తీసి కొనుగోలుదారులకు పంపే కాయ వీడియోలను ముందు అనుమానించాలి. ఆ పనికి మీ చేతిలోని ఫోన్ సిమ్ వాడుకోండి.

ప్యాక్ అయిపోయాక చాలా కంపెనీలు వేగాన్ని 64 కేబీపీఎస్‌కు దించుతాయి. మెసేజ్‌లు వెళ్తాయి, పేజీలు నిదానంగానైనా తెరుచుకుంటాయి, కనుక నెట్ నడుస్తున్నట్టే ఉంటుంది. 80 కావలసిన కాల్ మాత్రం 64లో పట్టదు. ఫోన్ సెట్టింగుల్లో జి.729 అనే కోడెక్ ఉంటే దాన్ని ముందు వరసలో పెట్టండి. అది మాటను 8 కేబీపీఎస్‌కు కుదిస్తుంది, హెడర్లతో కలిపి 24 అవుతుంది, గంటకు 21.6 ఎంబీ మాత్రమే ఖర్చు. ఒకప్పుడు దీనికి లైసెన్సు రుసుము గొడవ ఉండేది, పేటెంట్లలో చాలా వాటి గడువు 2017 నాటికి తీరిపోవడంతో ఇప్పుడు చౌక ఫోన్లలో కూడా కనిపిస్తోంది. గొంతు కాస్త డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, ధరలు చెప్పుకోవడానికి ఢోకా లేదు. వేగం పడిపోయాక కూడా దీని మీద ఒక కాల్ నడుస్తుంది, రెండోదానికి కాగితం మీద చోటున్నా మిగతా నెట్ వాడకాన్ని ఆపితే తప్ప నిలవదు.

ఉదయం వేలం వేళ యార్డులో అందరి ఫోన్లూ అదే టవర్ మీద వాలుతాయి. ఆ గంటలో ఆలస్యం ఎగుడుదిగుడుగా ఉంటే మీ ప్యాక్ పెంచినా ఫలితం ఉండదు. రూటర్‌ను ఇనుప షట్టర్ వెనక నుంచి తీసి, టవర్ వైపు కిటికీలోకి మార్చి చూడండి.

ప్రశ్న: విత్తనాలు, ఎరువుల పంపిణీ మా వ్యాపారం. ప్రధాన కార్యాలయం, పీబీఎక్స్ కర్నూలులో. ఆదోని, నంద్యాల శాఖలు వీపీఎన్ (నెట్ మీద గుప్తంగా నడిచే సొంత దారి) మీద కలుస్తాయి. ఆదోనిలో ఇంకా రాగి తీగ మీద వచ్చే పాత ఏడీఎస్ఎల్ కనెక్షనే, అప్‌లోడ్ 512 కేబీపీఎస్. జి.711 బదులు జి.729 పెడితే 64 బదులు 8 కాబట్టి ఎనిమిది రెట్లు ఎక్కువ కాల్స్ పడతాయని ఫోన్లు అమ్మినవారు అన్నారు. పెట్టి చూస్తే ఐదారు కాల్స్‌కే నలిగిపోతోంది.
— కంప్యూటర్ విభాగం ఉద్యోగి, కర్నూలు

జవాబు: కోడెక్ మాటను కుదిస్తుంది గాని హెడర్లను కుదించదు. మీ దారిలో హెడర్లదే సింహభాగం.

జి.729 ప్యాకెట్‌లో మాట 20 బైట్లు, హెడర్లు 40. అంటే వీపీఎన్ లేకుండానే జి.711కు 80 కేబీపీఎస్ అయితే దీనికి 24, ఎనిమిది రెట్ల లాభం మూడింతలకు దిగింది. మీది వైర్‌గార్డ్ తరహా వీపీఎన్ అనుకుంటే ప్యాకెట్‌కు మరో 60 బైట్లు, కొద్దిగా నింపుడు బైట్లు చేరతాయి: జి.711 దాదాపు 107 కేబీపీఎస్, జి.729 దాదాపు 50. లాభం రెండింతలకు వచ్చింది. ఏడీఎస్ఎల్ ఇంకో మెలిక పెడుతుంది. అది ప్రతి ప్యాకెట్‌ను 48 బైట్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు 5 బైట్ల హెడర్ తగిలించి పంపుతుంది. చివరి ముక్క నిండకపోయినా పూర్తి ముక్కగానే పోతుంది. నెట్ కంపెనీకి లాగిన్ కావడానికి వాడే పీపీపీఓఈ తదితర పొరలు కలుపుకుని మీ జి.729 ప్యాకెట్ నాలుగు ముక్కలవుతుంది, జి.711 ప్యాకెట్ ఏడవుతుంది. లెక్క కడితే తీగ మీద జి.729 కాల్ దాదాపు 85 కేబీపీఎస్, జి.711 కాల్ 148. 512లో ఆరు జి.729 కాల్స్ అంచుల దాకా నిండుతాయి, మరే డేటా కదలకూడదు. మీరు చూసిన ఐదారు అదే. బిల్లింగ్ కూడా నడవాలి కాబట్టి నాలుగుకు మించి అనుమతించవద్దని పీబీఎక్స్‌లోనే పరిమితి పెట్టండి. ఐదో మనిషికి బిజీ టోన్ వినిపించడం, ఐదుగురి మాటా చెడిపోవడం కన్నా మెరుగు.

ఇంకొక ఉపాయం మీ పరిస్థితికి బాగా అతుకుతుంది. ఫోన్లలో ప్యాకెట్ వ్యవధిని 20 నుంచి 40 మిల్లీసెకన్లకు మార్చండి. ఒక్కో ప్యాకెట్‌లో మాట 40 బైట్లవుతుంది, సెకనుకు 25 ప్యాకెట్లే పోతాయి. చిత్రమేమిటంటే కాస్త పెరిగిన ఆ ప్యాకెట్ కూడా అవే నాలుగు ముక్కల్లో ఒదుగుతుంది, కాబట్టి కాల్ ఖర్చు సరిగ్గా సగమై దాదాపు 42 కేబీపీఎస్‌కు దిగుతుంది. ప్రతిఫలంగా 20 మిల్లీసెకన్ల ఆలస్యం పెరుగుతుంది, ఒక ప్యాకెట్ పోతే 40 మిల్లీసెకన్ల మాట పోతుంది. ఆదోని, కర్నూలు మధ్య ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు. మామూలుగా నేను ఈ సలహా ఇవ్వను, ఫైబర్ వచ్చేదాకా ఆదోని శాఖకు మాత్రం ఇస్తాను.

కర్నూలు వైపు కూడా ఒకసారి చూసుకోండి. ఆదోని నుంచి నంద్యాలకు చేసిన కాల్ మీ పీబీఎక్స్ మీదుగా పోతే, కర్నూలు కనెక్షన్‌కు అది రెండు కాల్స్ లెక్క. శాఖల మధ్య మాటలు ఎక్కువగా నడిచే ఖరీఫ్ ముందు నెలలను దృష్టిలో పెట్టుకుని ఆ అప్‌లోడ్ లెక్క వేయండి.

ప్రశ్న: కడపలో మా షాపు నెట్ ఫోన్‌లో అవతలివాళ్ళ మాట మాకు వినిపిస్తుంది, మా మాట వాళ్ళకు అసలు వినిపించదు. నెట్ స్పీడ్ పెంచమంటారా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: వద్దు. నెట్ చాలకపోతే మాట తెగుతుంది, ఆలస్యమవుతుంది. ఒక దిక్కున మాత్రమే పూర్తిగా మాయం కాదు. ఫోన్ మోగించే సందేశాలు ఒక దారిన, మాట ఇంకో దారిన పోతాయి. మీ రూటర్ రెండో దారిలో చిరునామాను తారుమారు చేస్తుండవచ్చు. రూటర్ సెట్టింగుల్లో కాల్ సందేశాల్లోని చిరునామాలను మార్చే ఎస్ఐపీ ఏఎల్‌జీ అనేది ఉంటే ఆపేసి, ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి. చాలా సందర్భాల్లో అంతటితో తీరుతుంది, తీరకపోతే ఫోన్ సర్వీసు ఇచ్చినవారిని పిలవండి.

ప్రశ్న: కడపలో మాకు ట్రావెల్స్ ఆఫీసు ఉంది. కువైట్‌లో పనిచేసే మన జిల్లావాళ్ళతో రోజంతా యాప్ కాల్స్ మాట్లాడుతుంటాం. మా నెట్ 100 ఎంబీపీఎస్. ఎనిమిది మంది సిబ్బంది, అందరూ వైఫై మీదే. మాట తరచుగా తెగుతోంది. కువైట్ దూరం కావడం వల్లనా?
— ట్రావెల్స్ యజమాని, కడప

జవాబు: దూరానిది పెద్ద పాపం కాదు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. సముద్రపు కేబుళ్ళు చుట్టు తిరిగి ఆరు వేల కిలోమీటర్లయినా 30 మిల్లీసెకన్లే. ఆసుపత్రి జవాబులో చెప్పిన 150 మిల్లీసెకన్ల పరిమితిలో అది ఐదో వంతు.

మీ 100 ఎంబీపీఎస్ కూడా అనుమానించదగింది కాదు. ఇప్పటి కాలింగ్ యాప్‌లలో చాలా వాటిలో వాడే ఓపస్ అనే కోడెక్ 2012లో ప్రామాణికమైంది; 6 నుంచి 510 కేబీపీఎస్ దాకా దారి ఎంత ఇరుకుంటే అంతకు సర్దుకోగలదు. ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడినా, ఒక్కొక్కరికి 100 చొప్పున ఉదారంగా ఇచ్చినా, ఒక ఎంబీపీఎస్ దాటదు. కాని ఒక చివర ఎంత వెడల్పున్నా కాల్‌కు దొరికేది రెండో చివర ఉన్నంతే. అవతల ఒక గదిలో పదిమంది ఒకే కనెక్షన్ పంచుకుంటూ, డ్యూటీ దిగిన వేళ అందరూ వీడియోలు చూస్తుంటే మీరు ఇక్కడ ఏం చేసినా మార్పు రాదు. అలా తెగేది ఒకరిద్దరు కస్టమర్ల దగ్గరేనా, అందరి దగ్గరా అన్నది ముందు గమనించండి.

అందరి దగ్గరా తెగుతోందంటే లోపం మీ వైఫైలో ఉంది. వైఫైలో ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్క పరికరమే మాట్లాడగలదు, మిగతావి దాని వంతు అయ్యేదాకా ఆగాలి. ఒక కాల్ రెండు దిక్కులా కలిపి సెకనుకు వంద చిన్న ప్యాకెట్లు పంపగలదు. ఎనిమిది కాల్స్‌కు ఎనిమిది వందల సార్లు వంతు కోసం పోటీ పడాలి. మూలగదిలో సిగ్నల్ అందీ అందని ఒక్క ఫోన్ ఉంటే, అది నిదానంగా మాట్లాడుతూ అందరి సమయాన్నీ తినేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానితో ఒకటి ఢీకొనని ఛానెళ్ళు 1, 6, 11 మూడే. బజారు వీధిలో చుట్టుపక్కల షాపుల రూటర్లన్నీ వాటిలోనే సర్దుకోవాలి. స్పీడ్ టెస్ట్ రూటర్ పక్కన నిలబడి చేస్తే ఇవేవీ కనబడవు.

కదలకుండా కౌంటరు దగ్గర కూర్చునే ఐదారుగురికి కంప్యూటర్ల మీదనో డెస్క్ ఫోన్ల మీదనో కాల్స్ పెట్టి, వాటికి కేబుల్ లాగించండి. ఈథర్‌నెట్ కేబుల్ ఒక్కో వరస 100 మీటర్ల దాకా నిక్షేపంగా పనిచేస్తుంది. మిగిలిన ఇద్దరు ముగ్గురి ఫోన్లను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చి, రూటర్‌ను బీరువా మీద నుంచి దించి గది మధ్యలో, గోడకు ఎత్తుగా బిగించండి. ప్లాన్ మార్చే సంగతి దీని తరవాత కూడా ఇబ్బంది మిగిలితే చూద్దాం.